ఒక్క చాసిస్, ఇన్ని సర్వీసులు

సోమవారం, హెండన్

ఇంగ్లండులోని రెడింగ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెల దాటింది. పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం పార్కు బెంచీ మీద మనవాళ్లతో మన రాజకీయాలు. ఒంటికి తుప్పు పడుతోందనిపించింది. మనవడికి పదకొండేళ్లు, బడికి వేసవి సెలవులు. "తాతయ్యా, స్పిట్‌ఫైర్ చూస్తావా?" అని వాడే అడిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీద ఇంగ్లండు నడిపిన ఫైటర్ విమానం అది. ఏ ఊళ్లో ఏ రకం ఉందో కాగితం మీద రాసుకుని, రైళ్లు కూడా వెతికి పెట్టాడు. వారానికి సరిపడా షెడ్యూల్ తయారైంది.

ఉమ్మడి ఆర్టీసీలో 34 ఏళ్లు చేశాను. మెకానిక్కుల కింద శ్రామిక్‌గా చేరి, వాళ్ల పైన లీడింగ్ హెడ్‌గా దిగిపోయాను. కాబట్టి ఈ రాతలో వీరగాథలు తక్కువ, నట్లూ బోల్టులూ ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను.

ఎలిజబెత్ లైన్‌లో టాటన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా, అక్కడ నార్తర్న్ లైన్ మారి కాలిన్‌డేల్. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం. టికెట్ లేదు. లోపలికెళ్లి స్పిట్‌ఫైర్ మొదటి రకం, మార్క్ 1 ముందు నిలబడగానే ఇంతేనా అనిపించింది. ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే ఇంచుమించు మన ఎక్స్‌ప్రెస్ బస్సు పొడవు. ముక్కు మాత్రం బారెడు. సీట్లో కూర్చున్నవాడికి ఎదురుగా ఏమీ కనపడదు. నేల మీద నడిపేటప్పుడు పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ, పక్క నుంచి దారి చూసుకుంటూ పోవాలి. చక్రాల కాళ్లు నడుము దగ్గరే పుట్టి బయటికి మడుచుకుంటాయి. రెండిటి మధ్యా ఎడం బాగా తక్కువ. ఇలాంటి బండి ఎగుడుదిగుడు నేల మీద దిగితే ఒరిగిపోదా అని అప్పుడే మనసులో అనుకున్నాను. దాని సంగతి గురువారం తెలిసింది.

మొదటి విమానం 1936 మార్చి 5న సౌతాంప్టన్ పక్కన ఈస్ట్‌లీలో ఎగిరింది. దాని డిజైను గీసిన ఇంజనీరు మిచెల్ మరుసటి ఏడాదే పోయాడు, నలభై రెండేళ్లకి. ఆయన చేతికింద పనిచేసిన జోసెఫ్ స్మిత్ తరవాత దాన్ని సాగదీశాడు, కోశాడు, బరువెక్కించాడు. మార్కు నంబర్లు 24 దాకా పోయాయి. మొత్తం 20 వేలకు పైగా తయారయ్యాయి. నాకు ఇది కొత్తగా అనిపించలేదు. మియాపూర్ బాడీ యూనిట్‌లో ఒకే లేలాండ్ చాసిస్ మీద పల్లె వెలుగూ కట్టాం, ఎక్స్‌ప్రెస్సూ కట్టాం, సూపర్ లగ్జరీ కూడా కట్టాం. ఇంజన్ అదే, కమ్మీలు అవే. ఏ ఊరికి, ఎవరిని, ఎంత దూరం తీసుకెళ్లాలన్నదాన్ని బట్టి పైదంతా మారుతుంది.

మ్యూజియంలో నాకంటే పెద్దాయన ఒకరు, వాలంటీరు, ఇంజన్ పక్కన నిలబడి ఉన్నారు. నేను కార్బరేటర్ కోసం వంగి చూస్తుంటే ఆయన మొహం వెలిగింది. స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజన్‌కి మొదట్లో ఉన్నది ఫ్లోట్ కార్బరేటరే, మన పాత అంబాసిడర్‌లో ఉన్నట్టు. పెట్రోలు మీద తేలే ఫ్లోటు ఒక సూదితో దారి తెరిచి మూస్తుంటుంది. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే లోపలి పెట్రోలు గిన్నె పైకప్పుకి కొట్టుకుంటుంది. ముందు జెట్లకి అందక ఇంజన్ దగ్గుతుంది. ఆ వెంటనే ఫ్లోటు తలకిందులై సూది పూర్తిగా తెరుచుకుని, పెట్రోలు పొంగి, నల్లపొగతో ఆగుతుంది. జర్మన్ల ఇంజన్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాళ్లు ముక్కు వంచి జారుకుంటే వీళ్లు వెంటపడలేకపోయేవాళ్లు.

దీనికి మందు కనిపెట్టింది ఒక ఆడ ఇంజనీరు. ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసిన బియాట్రిస్ షిల్లింగ్. బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ మీద గంటకు వంద మైళ్లు దాటి మోటార్ సైకిల్ నడిపిన మనిషి. పెట్రోలు దారిలో లెక్కగట్టిన బెజ్జంతో చిన్న ఇత్తడి బిళ్ల పెట్టింది. ఇంజన్ పూర్తి బలంతో తిరగడానికి ఎంత కావాలో అంతే పోతుంది, అంతకు మించి పొంగదు. 1941లో తన మనుషులతో కలిసి ఎయిర్‌ఫీల్డులు తిరిగి బిగించింది. ఇంజన్ దించనక్కర్లేదు. పెద్దాయన జేబులోంచి ఒక వాషరు తీసి నా అరచేతిలో పెట్టాడు. అసలుది కాదులెండి, చూపించడానికి పెట్టుకున్నది. గోరంత ఉంది.

మరో హాల్లో 1918 నాటి రెండు వరసల రెక్కల బాంబరు ఉంది, డీహెచ్ 9ఏ. దాని దగ్గర మనవడు గట్టిగా పిలిచాడు, "తాతయ్యా, హైదరాబాద్!" నిజాం ఇచ్చిన విమానమది. 110వ స్క్వాడ్రన్‌కి, అంటే ఆ విమాన దళానికి, మొదటి విమానాలన్నీ ఆయన కానుకే, అందుకే దాని పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కి కూడా ఆ పేరు పెట్టారు. దాని ముద్రలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి మార్క్ 1 నడిపి, తరవాత బర్మాలో మార్క్ 8తో పోరాడారు. ఆర్టీసీకి మూలం కూడా నిజాం రైల్వేనే కదా, 1932లో 27 బస్సులతో మొదలుపెట్టింది. ఆ రకంగా ఈ బండ్లతో నాకు ఏదో వేలువిడిచిన చుట్టరికం ఉన్నట్టే. మనవడితో అంటే నవ్వాడు.

మంగళవారం, సౌతాంప్టన్

సోలెంట్ స్కై మ్యూజియం ఓడరేవుకి దగ్గర్లో, చిన్నది, ఇరుకు. మా డిపో స్టోర్స్ గుర్తొచ్చింది. అక్కడ ఉన్నది చివరి రకం, మార్క్ 24. నిన్న చూసినదీ ఇదీ ఒకే పేరంటే నమ్మబుద్ధి కాదు. తొలి మార్క్ 1లకి చెక్కతో చేసిన రెండు బ్లేళ్ల పంకా, దీనికి ఐదు బ్లేళ్లు. అక్కడ మెర్లిన్ వెయ్యి గుర్రాలు, ఇక్కడ గ్రిఫాన్ రెండు వేలు. పైగా గ్రిఫాన్ తిరిగేది మెర్లిన్‌కి ఎదురు దిక్కున. ఏళ్ల తరబడి మెర్లిన్ నడిపి పాదానికి అలవాటైనవాడు మొదటిసారి దీన్ని లేపబోతే బండి అవతలి పక్కకి లాగుతుంది. స్టీరింగ్ కుడి నుంచి ఎడమకి మారితే మనకి ఎంత తికమకో అంత.

బరువు ఎంత పెరిగిందో టెస్ట్ పైలట్ జెఫ్రీ క్విల్ ఒక లెక్క చెప్పేవాడట. ఈ వంశంలో ఆఖరుదైన, నేవీ కోసం చేసిన సీఫైర్ 47 నిండా ఎక్కించుకుని లేచే బరువు, మొదటి స్పిట్‌ఫైర్ 32 మంది ప్రయాణికులనీ వాళ్ల సామాన్లనీ ఎక్కించుకుని లేచినట్టు! పండగ రోజుల్లో మా పల్లె వెలుగు కూడా ఆ మాత్రం మోసేది, కాకపోతే దానికి ఎగరాల్సిన పని లేదు.

మధ్యాహ్నం ఇచెన్ వంతెన దాటి వూల్‌స్టన్ వైపు నడిచాం. స్పిట్‌ఫైర్లు తయారుచేసిన సూపర్‌మెరీన్ కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న చోటు. 1940 సెప్టెంబరు 24న, మళ్లీ 26న బాంబులు పడి పోయింది. ఇప్పుడు నది, ఇళ్లు, గాలి. దగ్గర్లోని హాంబుల్‌లో స్పిట్‌ఫైర్‌కి చక్రాలు తీసేసి పడవ కాళ్లు కూడా తగిలించారు. 1940లో నార్వే కోసం మొదలెట్టి, తరవాత మార్క్ 5ల మీద చేసి, మూడింటిని ఈజిప్టు దాకా పంపారు. యుద్ధంలో ఒక్కసారీ వాడలేదు. అలాంటి స్పెషల్ సర్వీసులు మాకూ కొన్ని ఉండేవి. ప్రారంభోత్సవం అయ్యాక మళ్లీ రోడ్డెక్కనివి.

వంతెన మధ్యలో ఆగి మనవడికి పైకి చూపించాను. సరిగ్గా ఈ ఊరి మీద, 1942 సెప్టెంబరు 12న, 43 వేల అడుగుల ఎత్తులో ఒక పోరు జరిగింది. ఆ యుద్ధం మొత్తంలో అంత ఎత్తున జరిగిన పోరు మరొకటి లేదంటారు. జర్మన్ల బాంబరు జంకర్స్ 86 గాలి బిగించిన క్యాబిన్‌తో, ఎవరికీ అందని ఎత్తులో వచ్చి బాంబు వేసి పోయేది. దానికోసం వీళ్లు ఒక మార్క్ 9ని ఎక్కడికక్కడ ఒలిచేశారు. కవచం రేకులు పీకేశారు. మెషిన్ గన్లు తీసేసి రెండు ఫిరంగులే ఉంచారు. పంకా చెక్కది పెట్టారు. రంగు కూడా పలచగా, తేలికది వేశారు. నడిపింది ఇమాన్యుయెల్ గాలిట్సిన్ అనే యువకుడు, రష్యా రాజవంశీకుల పిల్లవాడు. పైకి చేరాడు, అందుకున్నాడు, ట్రిగ్గర్ నొక్కాడు. ఆ చలికి ఒక ఫిరంగి బిగుసుకుపోయింది. రెండోది ఒక్కటే పేలేసరికి ఆ పలచటి గాలిలో విమానం పక్కకి తిరిగిపోయేది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు, ఒక గుండు తగిలింది, జంకర్స్ తప్పించుకుని వెళ్లిపోయింది. అయినా ఇంగ్లండు మీదికి ఆ ఎత్తు రాకపోకలు ఆగిపోయాయి.

అదే ఏడు ఈజిప్టులోని అబూకీర్ వర్క్‌షాపులో మార్క్ 5లకీ ఇదే వైద్యం చేశారు. అక్కడి మెకానిక్కుల పద్ధతి నాకు మరీ నచ్చింది. జంటగా పంపేవాళ్లు. కొట్టాల్సిన విమానానికి రేడియో కూడా పీకేసి పైకి పంపుతారు. రెండోది రేడియో ఉంచుకుని, కాస్త కింద ఉండి దారి చూపిస్తుంది. ఎడారి దుమ్ముకి ముక్కు కింద తగిలించిన ఎయిర్ ఫిల్టరు గడ్డంలా వేలాడి వేగం తినేస్తోందని, చిన్న ఫిల్టరు తయారుచేసింది కూడా వాళ్లే. ఆఫీసు నుంచి డ్రాయింగ్ వచ్చేదాకా ఆగని వర్క్‌షాపులంటే నాకు గౌరవం.

బుధవారం, సాలిస్‌బరి

ఈ ఊరికి నేను వచ్చింది చర్చి గోపురం కోసం కాదు, బస్సు గ్యారేజీ కోసం. వూల్‌స్టన్ పోయాక ఫ్యాక్టరీని ముక్కలు చేసి చుట్టుపక్కల ఊళ్లలో చల్లేశారు. కార్ల షోరూములు, బట్టలుతికే లాండ్రీలు, బస్సు డిపోలు, ఏది ఖాళీగా కనిపిస్తే అది. సాలిస్‌బరిలో విల్ట్స్ అండ్ డోర్సెట్ కంపెనీ బస్సు గ్యారేజీని అలాగే తీసుకున్నారు. మా అమ్మాయి ఉండే రెడింగ్‌లో కూడా ఒక కార్ల గ్యారేజీలో ఈ పని జరిగిందట, నెలరోజులుగా ఆ పక్క నుంచే కూరగాయలకి వెళ్తున్నాను. పనిచేసినవాళ్లలో చాలామంది ఆడపిల్లలు, అంతకుముందు రివెట్ గన్ ముట్టని వాళ్లు. ఇంటి దగ్గర ఏం చేస్తున్నారో చెప్పకూడదు.

బస్సు పిట్ మీద రెక్క ఎలా పెట్టుంటారు? ఎత్తే క్రేన్ ఎక్కడ? రాత్రి షిఫ్టులో దీపాలు బయటికి కనపడకుండా ఏం కట్టేవాళ్లు? క్యాజిల్ స్ట్రీట్‌లో నిలబడి ఇవే ఆలోచిస్తుంటే మనవడికి విసుగొచ్చి ఐస్‌క్రీమ్ అడిగాడు.

క్యాజిల్ రోడ్డులో 2021లో పెట్టిన స్పిట్‌ఫైర్ స్మారకం ఉంది. అక్కడి నుంచి తిరిగి రావడానికి స్టాపులో నిలబడ్డాం. బస్సు వచ్చింది, మా ముందు నుంచే వెళ్లిపోయింది. ఈ దేశంలో చెయ్యి ఎత్తితేనే ఆపుతారట. చెయ్యెత్తినా ఆపడం లేదని ఎన్ని కంప్లైంట్లు విన్నానో జీవితంలో! స్టాపులో నిలబడిన మనిషి బస్సు కోసం కాక ఇంకెందుకు నిలబడతాడని డ్రైవర్‌కి తోచదా? అరగంట తరవాత ఇంకోటి వచ్చింది. మనవడు రెండు చేతులూ ఎత్తాడు.

గురువారం, యోవిల్టన్

రాత్రి సాలిస్‌బరిలోనే ఉండి పొద్దున్నే రైలెక్కి యోవిల్ జంక్షన్, అక్కణ్నుంచి టాక్సీ. ముసురు. ఇక్కడిది నేవీ విమానాల మ్యూజియం. చూడాల్సింది సీఫైర్ మార్క్ 17.

విమానవాహక నౌక మీద దిగేందుకు స్పిట్‌ఫైర్ పొట్ట కింద వెనకవైపు కొక్కెం పెట్టి సీఫైర్ అన్నారు. డెక్ మీద అడ్డంగా కట్టిన తీగని ఆ కొక్కెం పట్టుకోవాలి. మొదటి రకాలకి రెక్కలు మడిచే వీలు లేదు, విమానాల్ని డెక్ కిందికి దించే లిఫ్టులో పట్టవు. మార్క్ 3తో రెక్కని చక్రం గూటికి అవతల విరిచి పైకి నిలబెట్టారు. అలా నిలబెడితే నౌక లోపలి కప్పుకి తగులుతుందని కొసని మళ్లీ కిందికి మడిచారు. మనవడు రెండు మోచేతులు పైకెత్తి మణికట్లు వాల్చి చూపించాడు. సరిగ్గా అంతే.

సోమవారం నాకు కలిగిన అనుమానం ఇక్కడ తీరింది. 1943 సెప్టెంబరులో ఇటలీలోని సలెర్నో దగ్గర సైన్యం దిగుతుంటే పైన కాపలాకి చిన్న విమానవాహక నౌకల మీద వందకు పైగా సీఫైర్లు పెట్టారు. గాలి లేదు. ఆ నౌకలు నెమ్మదైనవి. ఎదురుగాలి లేకపోతే విమానం డెక్ మీదికి అంత వేగంగానూ వచ్చి పడుతుంది. పొడుగు ముక్కు మూలాన దిగేవాడికి డెక్ కనపడదు. సన్నకాళ్లు విరిగాయి, ముక్కు వాలి పంకాలు నేలని కొరికాయి. నాలుగు రోజుల్లో శత్రువు కూల్చినవాటికంటే దిగడంలో పాడైనవే ఎన్నో రెట్లు. మా లెక్కలో చెప్పాలంటే అన్నీ డిపో గేటు దగ్గర బ్రేక్‌డౌన్లే.

నా ముందున్న మార్క్ 17 ఆ దెబ్బలు తిన్నాక వచ్చినది. కాళ్లు బలపరిచారు, కుదుపు మింగే దూరం పెంచారు, కొక్కెం తోక చివరికి జరిపారు. కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మంచి పని. కానీ పొలం గట్టు మీద నుంచి ఎగరడానికి పుట్టిన బండిని సముద్రంలోకి తోసి, విరిగిన చోటల్లా అతుకులేశారన్న సంగతి తెలుస్తూనే ఉంటుంది. నా ఓటు దీనికి పడదు.

కాఫీ దగ్గర ఒకాయన చెప్పిన సంగతి రాయకపోతే మనవడు ఒప్పుకోడు. ఫ్రాన్స్ తీరం నార్మండీలో సైన్యం దిగాక అక్కడి కుర్రాళ్లకి బీరు కరువైంది. ఇంగ్లండు నుంచి వచ్చే మార్క్ 9లకి రెక్కల కింద బాంబులు తగిలించే చోట బీరు పీపాలు కట్టి పంపారు. ఎత్తున పోతే చల్లగా కూడా ఉంటుంది. కార్గో సర్వీసు అన్నమాట.

శుక్రవారం

ఇంట్లోనే. మోకాళ్లు. అమ్మాయి ఉలవచారు పెట్టింది, మన ఊరి నుంచి తెచ్చిన పొడి చివరిది. ఇక ప్రయాణం లేదన్నాను. మనవడు కాగితం తెచ్చి ముందు పెట్టాడు, ఇంకా ఒకటి మిగిలింది.

శనివారం, డక్స్‌ఫర్డ్

రెడింగ్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ దాకా ఒకే రైలు, అక్కణ్నుంచి విటిల్స్‌ఫర్డ్. 1938 ఆగస్టులో మొదటి స్పిట్‌ఫైర్ అందుకున్న స్క్వాడ్రన్ ఈ ఎయిర్‌ఫీల్డుదే. ఇక్కడ మ్యూజియమూ ఉంది, పాత విమానాలు బాగుచేసి ఎగరేసే గ్యారేజీలూ ఉన్నాయి. ఆవరణలోకి అడుగుపెట్టగానే వేడెక్కిన ఆయిల్ వాసన. ఐదు రోజుల్లో మొదటిసారి ఇంటికొచ్చినట్టనిపించింది.

హ్యాంగర్ ముందు నీలం రంగు స్పిట్‌ఫైర్ నిలబెట్టారు. పైనా కిందా అంతా ఒకే నీలం. పీఆర్ 11, ఫొటోలు తీసే రకం. రెక్క ముందు అంచు మీద చేత్తో గాల్లోనే గీత గీసి చూశాను. తుపాకీ బెజ్జం ఒక్కటీ లేదు.

ఈ రకానికి మూలం 1939. మారిస్ లాంగ్‌బాటమ్ అనే చిన్న ఆఫీసరు యుద్ధానికి ముందే ఒక కాగితం రాశాడు. గూఢచారి ఫొటోలకి బరువైన విమానం, తుపాకులు, సిబ్బంది ఎందుకు? స్పిట్‌ఫైర్‌లోంచి తుపాకులూ రేడియో తీసేసి పెట్రోలూ కెమెరాలూ పెట్టండి, ఎత్తూ వేగమే కాపాడతాయి అని. లండన్ పక్క హెస్టన్ ఎయిర్‌ఫీల్డులో గూఢచారి ఫొటోల దళం నడిపిన సిడ్నీ కాటన్ రెండు స్పిట్‌ఫైర్లు సంపాదించి ఆ పని మొదలెట్టాడు. తుపాకీ బెజ్జాలూ అతుకుల సందులూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి, లేత ఆకుపచ్చ రంగు వేసి నున్నగా తోమించాడు. ఆ నవంబరు 18న లాంగ్‌బాటమే ఫ్రాన్స్ నుంచి లేచి జర్మనీ సరిహద్దు ఊరు ఆకెన్ వైపు వెళ్లాడు. రాసినవాడే ఎక్కి నడపడం నాకు బాగా నచ్చిన సంగతి.

తరవాత తుపాకుల గూళ్లే పెట్రోలు ట్యాంకులయ్యాయి. రెక్క ముందు అంచులోనే ఒక్కో వైపు 66 గ్యాలన్లు, మన లెక్కలో 300 లీటర్లు. బస్సు ట్యాంకు కంటే ఎక్కువ. బెర్లిన్ దాకా పోయి రావచ్చు. ముందు అద్దం గుండ్లు ఆపే మందపాటి గాజు కాదు, మామూలుది, గుండ్రంగా వంచినది. పక్క అద్దాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, తల వంచి తిన్నగా కిందికి చూడటానికి. సీటు వెనక నడుములో రెండు కెమెరాలు. నేను మనవడి చేత లెక్క చేయించాను: లెన్సు 36 అంగుళాలు, అంటే మూడడుగులు. ఎత్తు 30 వేల అడుగులు. భాగిస్తే పది వేలు. ఫొటోలో ఒక సెంటీమీటరు నేల మీద వంద మీటర్లు. ఒక్కో ఫొటో ముందుదాని మీద సగానికి పైగా పడేలా తీస్తారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి జంట అద్దాల్లోంచి చూస్తే ఇళ్లూ ఓడలూ కాగితం మీద లేచి నిలబడతాయి. మెడ్మెన్‌హామ్‌లో ఫొటోలు పరిశీలించే కేంద్రంలో కూర్చుని అలా చూసి చూసి జర్మన్ల రాకెట్ల జాడ పట్టారు. 1941 మేలో నార్వే తీరంలో జర్మన్ల బిస్మార్క్ యుద్ధనౌకని పట్టిచ్చింది కూడా ఒక ఫొటో స్పిట్‌ఫైరే.

ఒక్క మనిషి. తోడు లేదు, తుపాకీ లేదు. ఒళ్లో మ్యాపు. గంటల తరబడి గడ్డకట్టే చలి. అన్నిటికంటే భయం తన వెనక తానే గీసే తెల్లటి పొగగీత. అది పడే ఎత్తులోకి పోయాడా, కిందున్న ప్రతివాడికీ ఆకాశంలో వేలుపెట్టి చూపించినట్టే. అందుకని అద్దంలో వెనక్కి చూసుకుంటూ, గీత కనపడగానే ఎత్తు మార్చేవాళ్లు. మేఘాల కిందగా పోయి తీసేవాటికి లేత గులాబీ రంగు కూడా వేశారు. వాటిలో కొన్నిటికి తుపాకులు ఉంచారు, అంత కిందకి దిగితే పారిపోవడానికి ఎత్తు ఉండదు కనుక.

ఇదే రకం విమానాన్ని 1944లో ఫార్న్‌బరోలో ఎంత వేగం తట్టుకుంటుందో చూడటానికి ఏటవాలుగా కిందికి దూకించారు. ధ్వని వేగానికి పదో వంతు మాత్రమే తక్కువ ఉందనగా పంకా, దాని గేరు పెట్టెతో సహా ఊడి ఎగిరిపోయింది. మార్టిండేల్ అనే పైలట్ దాన్ని అలాగే గాలిలో జార్చుకుంటూ ఇరవై మైళ్లు తెచ్చి దింపాడు. కెమెరా ఫిల్మూ క్షేమమే.

"తుపాకీ లేకపోతే ఇది ఫైటర్ ఎలా అవుతుంది తాతయ్యా?" అన్నాడు మనవడు. నా దగ్గర జవాబు లేదు. 2020లో ఇక్కడి నీలం పీఆర్ 11 ఒకదాని రెక్కల కింద ఆసుపత్రి సిబ్బందికి థాంక్స్ అని పెద్దక్షరాలు రాసి, ఒంటి నిండా వేలమంది పేర్లు రాసి ఊళ్ల మీద తిప్పారని మాత్రం చెప్పాను. అదే ఏడు మనవాళ్లు ఇంద్ర బస్సుల్లో సీట్లు పీకేసి సంజీవని అని పేరు పెట్టి కరోనా పరీక్షలకి ఊరూరా తిప్పారు. నేనప్పటికే రిటైరయ్యాను. సీట్లు ఎలా విప్పుతున్నారో నా కింద పనిచేసిన కుర్రాడు వీడియో కాల్‌లో చూపించాడు.

మూడు గంటలకి స్టార్ట్ చేశారు. ముందు ఒక దగ్గు, తెల్లపొగ, ఎగ్జాస్టుల్లో నీలం మంట, ఆ తరవాత పన్నెండు సిలిండర్లూ ఒకదానివెంట ఒకటి అందుకున్నాయి. కళ్లు మూసుకుని విన్నాను. మిస్‌ఫైర్ లేదు. పామునడకతో వెళ్లి లేచింది. ఆ నీలం ఎందుకు వేశారో రెండు నిమిషాల్లో తెలిసింది. చప్పుడు వినపడుతోంది, మనవడు వేలు పెట్టి చూపిస్తున్నాడు, నాకు కనపడలేదు.

దిగాక దాని ముక్కు కింద రేకు ట్రే తెచ్చి పెట్టారు. టప్ టప్ మని నూనె చుక్కలు. పొట్ట కింద గుడ్డతో తుడుస్తున్న అమ్మాయి, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, తాడు ఇవతల వంగి చూస్తున్న నన్ను చూసి నవ్వింది. ఇది కారుతుంటేనే నిశ్చింత, కారకపోతే లోపల నూనె అయిపోయినట్టు అంది. మా పాత కమెట్ బస్సులకి ఇదే మాట అనేవాళ్లమని చెబుతుంటే మనవడు ఇంగ్లీషులోకి మార్చాడు. ఆ అమ్మాయి ట్రేని కాలితో కాస్త నా వైపు జరిపింది. చుక్క బంగారు రంగులోనే ఉంది, రజను లేదు. బేరింగులు బాగున్నాయి.